మైక్రోఛానల్ కండెన్సర్‌లో రంధ్రం ఎంత సన్నగా ఉండాలి?

చిన్న కోల్డ్‌రూమ్‌కి మైక్రోఛానల్ కండెన్సర్ డిజైన్ చేస్తున్నానని, ఛానల్ 0.3 మి.మీ. పెడితే యూనిట్ ఇంకా చిన్నదవుతుందా అని అడిగారు. కండెన్సర్ అంటే చల్లబరిచే గ్యాస్ (రిఫ్రిజిరెంట్) తన వేడిని బయటి గాలికి వదిలే భాగం, ఛానల్ అంటే దాని చదును ట్యూబుల్లో ఆ గ్యాస్ పారే సన్న రంధ్రం. పెద్దగా అవదండి. చర్లపల్లిలో ఒక చిన్న యూనిట్‌లో కొన్నేళ్లు ఈ పనే చేశాను. మొదట్లో నా ధ్యాసంతా కూడా రంధ్రం మీదే ఉండేది.

1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ సిలికాన్ ముక్కలో వెంట్రుకంత కాలువలు చెక్కి, నీళ్లు పంపి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడి లాగారు. అక్కడ గాలితో పనే లేదు, అందుకే అంత సన్నదనం పనికొచ్చింది. మీ కండెన్సర్‌లో గ్యాస్ వైపు ఉష్ణ బదిలీ గుణకం (వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే లెక్క) వేలల్లో ఉంటే, గాలి వైపు వంద అటూ ఇటూ. అడ్డంకి గాలి దగ్గరుంటే గ్యాస్ వైపు రెట్టింపు చేసి ఏం లాభం? పైగా లామినార్ (సుడులు లేకుండా సాఫీగా సాగే) ప్రవాహంలో గ్యాస్ పారే రంధ్రాల మొత్తం అడ్డుకోత వైశాల్యం అలాగే ఉంచి రంధ్రం వ్యాసం సగం చేస్తే ప్రెషర్ డ్రాప్ నాలుగు రెట్లవుతుంది. బ్రేజింగ్‌లో (ట్యూబులు, ఫిన్లు అతికేటప్పుడు) కరిగిన లోహం రంధ్రాల్లోకి పాకి మూసేసే గొడవ వేరే. 1 మి.మీ. దగ్గర్లో మార్కెట్లో దొరికే అల్యూమినియం ట్యూబ్ తీసుకోండి. ఆ మిగిలిన ఓపిక ఫిన్ పిచ్ (గాలి తగిలే పల్చటి రేకుల మధ్య దూరం), లూవర్ కోణం (ఆ రేకుల్లో కోసిన చీలికల వాలు), ఫ్యాన్ మీద పెట్టండి.

ఇక నేను తిన్న దెబ్బ. పాలు చల్లబరిచే ఒక యూనిట్‌కి రాగి కాయిల్ తీసి మైక్రోఛానల్ బిగించాం. గ్యాస్ మాత్రం పాత ప్లేటు మీదున్న లెక్క ప్రకారమే కొట్టాం. ఫిబ్రవరిలో బ్రహ్మాండంగా నడిచింది. మే నెలలో ఎండ 42 దాటగానే రోజూ మధ్యాహ్నం హై ప్రెషర్ ట్రిప్, అంటే ఒత్తిడి మితిమీరి యూనిట్ దానంతటదే ఆగిపోవడం. ఫ్యాన్ మార్చాం, కాయిల్ కడిగాం, లాభం లేదు. చివరికి మా పాత మెకానిక్ ఒకాయన "సార్, దీని కడుపు చిన్నది, గ్యాస్ ఎక్కువైంది" అన్నాడు. నిజమే, మిగులు ద్రవానికి చోటు లేక కింది ట్యూబుల్లో నిలబడిపోతోంది. అంత మేర కండెన్సర్ పనిచేయనట్టే. కొంచెం కొంచెంగా గ్యాస్ తీస్తూ పోతే మూడో వంతు తగ్గాక ట్రిప్ ఆగింది. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత చిన్న విషయం తట్టలేదేమా అని.

ఎవాపరేటర్ (గదిలోని వేడి లాగే చల్లటి కాయిల్) కూడా ఇలాగే చేద్దామనుకుంటే మాత్రం తొందరపడకండి. కండెన్సర్‌లోకి వచ్చేది ఒట్టి ఆవిరి, హెడ్డర్‌లో (ట్యూబులన్నిటికీ గ్యాస్ పంచే పెద్ద గొట్టంలో) సమంగా పంచుకుంటుంది. ఎవాపరేటర్‌లోకి ద్రవం, ఆవిరి కలిసి వస్తాయి. మేం చేసిన నమూనాలో కొన్ని ట్యూబుల మీద మంచు, పక్కవి చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా. ఆ మంచు కరిగిన నీళ్లు ఫిన్ల మధ్య ఇరుక్కుని జారవు, అదింకో తలనొప్పి.

దుమ్ము రోడ్ల పక్కన పెట్టే యూనిటైతే ఫిన్లు మరీ దగ్గరగా పెట్టకండి. రాగి పైపు అతికే చోట నీళ్లు చేరకుండా స్లీవ్ వేయండి, లేకపోతే అల్యూమినియాన్ని తుప్పు అక్కడి నుంచే తినేస్తుంది. మీ ఫ్యాన్ కర్వ్ (ఎంత ఒత్తిడికి ఎంత గాలి ఇస్తుందో చూపే గీత), వేడి లోడు పెడితే ఫిన్ లెక్క కలిసి చూద్దాం.