టెక్ సందేహాలు: స్పీకర్లు మార్చకండి, ముందు ఆ యాప్ తీసేయండి

ప్రశ్న: కారులో నాలుగు డోర్ స్పీకర్లు, ఫోర్ చానెల్ ఆంప్లిఫయర్, ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాను. వాల్యూమ్ సగం దాటితే గొంతు గరగరమంటోంది. షాపతను వాట్సాప్‌లో సౌండ్ బూస్టర్ యాప్ పంపి స్టీరియోలోనూ, నా ఫోన్‌లోనూ వేయించాడు. గరగర ఇంకా పెరిగింది. ఇప్పుడు స్పీకర్లు పోయాయంటున్నాడు. మార్చాలా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: వద్దు. కాజీపేట నుంచి రాసినా, జనగామ నుంచి రాసినా ఇదే గోస. సౌండ్ చెడితే స్పీకర్‌దే తప్పని తేల్చేస్తారు, ఎందుకంటే షాపులో అమ్మేది స్పీకర్లే.

స్టీరియోలో బ్యాలెన్స్ (కుడి, ఎడమ), ఫేడర్ (ముందు, వెనక) తిప్పి ఒక్కో స్పీకర్‌ను విడిగా వినండి. ఒక్కటే గరగరమంటే ఆంప్ ఆఫ్ చేసి, దాని వైర్లను పక్క చానెల్‌కు మార్చండి. గరగర స్పీకర్‌తో పాటే వస్తే స్పీకర్‌ది. పాత చానెల్‌లోనే ఉండిపోతే ఆంప్‌దో, స్టీరియో నుంచి ఆంప్‌కు సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరుదో. నాలుగూ ఒకే వాల్యూమ్ దగ్గర మొదలుపెడుతున్నాయంటే అనుమానం ఆంప్ సెట్టింగ్ మీదికి పోవాలి. నాలుగు స్పీకర్లు కూడబలుక్కుని ఒకే రోజు చెడిపోవు కదా!

ఆంప్ మీద గెయిన్ అని ఉండేది వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే నాబ్. దాన్ని చివరిదాకా తిప్పితే కొత్త పవర్ పుట్టదు. ఆంప్ ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయాక సౌండ్ తరంగం తల తెగుతుంది. క్లిప్పింగ్ అంటే ఇదే. సన్నటి సౌండ్ ఇచ్చే చిన్న స్పీకర్లు, ట్వీటర్లు, ముందుగా కాలిపోయేదీ దీనివల్లే. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ రెండూ తీసేయండి. 12 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ బేస్ దగ్గర 16 రెట్ల పవర్ అడిగినట్టు. స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర ఉంచి, గెయిన్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి. గొంతు చెడగానే కాస్త వెనక్కి తిప్పి వదిలేయండి. డోర్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెట్టండి, అంతకంటే కిందికి ఉన్న బేస్‌ను తగ్గించే ఫిల్టర్ అది. పరీక్షకు మంచి రికార్డింగ్ వాడండి. ఫార్వర్డ్ అయి వచ్చిన బతుకమ్మ డీజే మిక్స్ ఫైల్‌లోనే తల తెగి ఉంటే ఏ ఆంప్ కూడా బాగుచేయలేదు.

అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆంప్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ చూడండి. మామూలుగా 14కు అటూ ఇటూ ఉంటుంది. బేస్ కొట్టినప్పుడల్లా 12 కిందికి పడుతుంటే సన్న వైరో, ఆంప్‌ను కారు బాడీకి కలిపే గ్రౌండ్ వైరు వదులైందో. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ లేకపోతే పాటల సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి.

ఇక ఆ యాప్. డిజిటల్ సిగ్నల్‌కు ఒక పైహద్దు ఉంటుంది. బూస్టర్ దాన్ని దాటించబోతే తరంగం ఆంప్‌కు చేరకముందే తెగుతుంది, అందుకే గరగర పెరిగింది. కానీ నా టెన్షన్ సౌండ్ గురించి కాదు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌ను (యాప్‌ను నేరుగా వేసే ఫైల్) యూపీఐ ఉన్న ఫోన్‌లో ఎలా వేశారండీ? పాటల సౌండ్ పెంచడానికి ఎస్ఎంఎస్‌లు, కాంటాక్టులు ఎందుకు? నోటిఫికేషన్ పర్మిషన్ ఇస్తే ఓటీపీ చదవగలదు. యాక్సెసిబిలిటీ ఇస్తే స్క్రీన్ చూడగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆ పర్మిషన్లు ఆపి, యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లోని డివైస్ అడ్మిన్ లిస్టులో దాన్ని ఆపి మళ్లీ ప్రయత్నించండి. బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు కనబడితే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

స్టీరియోను కూడా నేను నమ్మను. చవక రకాల్లో కొన్ని సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 13 అని చూపిస్తాయి, లోపల అసలు వెర్షన్‌ను చెప్పే నంబర్, ఏపీఐ లెవెల్, 29 ఉంటుంది. అంటే ఆండ్రాయిడ్ 10. వెర్షన్ నంబర్ దగ్గరే అబద్ధమాడే వస్తువు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుందని ఏ ధైర్యంతో అనుకోవాలి? 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 మాల్‌వేర్ గురించి హెచ్చరించినప్పుడు, టీవీ బాక్సులతో పాటు కారు కంపెనీవి కాకుండా బయటి షాపుల్లో బిగించే స్టీరియోలనూ చెప్పింది. కొన్ని పరికరాల్లో కొనకముందే మాల్‌వేర్ ఉంటోందట. కాబట్టి అందులో మీ అసలు గూగుల్ అకౌంట్ పెట్టొద్దు. బ్లూటూత్ కలిపేటప్పుడు కాంటాక్టులు అడిగితే వద్దనండి. కారు అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఇది ఎవరూ చేయరు. పాత ఓనరు చుట్టాల నంబర్లన్నీ కారుతో పాటే ఫ్రీగా వస్తుంటాయి.

ప్రశ్న: యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కుయ్‌మని సౌండ్ పెరుగుతోంది. ఆంప్ పోయిందా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆంప్ పోయి ఉండకపోవచ్చు. ఆ కూత ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ది. ఫోన్‌ను చార్జర్ నుంచి తీసి చూడండి. కూత ఆగితే చార్జర్, ఫోన్‌ను స్టీరియోకు కలిపే ఆక్స్ వైరు రెండు దారుల్లో గ్రౌండ్‌ను కలిపి చేస్తున్న గ్రౌండ్ లూప్. ఆగకపోతే ఆంప్ గ్రౌండ్ వైరు పెయింట్ మీద బిగించారేమో చూడండి. పెయింట్ గీకి, ఉత్త ఇనుము మీద, పొట్టి వైరుతో బిగించాలి. పవర్ కేబుల్ ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ ఇంకో పక్క నుంచి తీసుకుపొమ్మనండి.