గురువు లేడని రాయొద్దు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ ఊరి సంగీతం అయ్యవారు చలికాలం తెల్లవారుజామున దుప్పటి కప్పుకొని, అరుగు మీద పిల్లల చేత సరళీ స్వరాలు పాడించే చోటు బాగుంది. కానీ మూడో పేరాలో "ఆయనకు గురువే లేడు, సంగీతం పుట్టుకతో వచ్చింది" అన్నావు. అక్కడ నాకు కోపం వచ్చింది.

పుట్టుకతో వచ్చేది గొంతు. పాట చెవిలో పడాలి. సురభి నాటకం 1885లో బయల్దేరింది మన కడప జిల్లా ఊరి నుంచే. పద్య నాటకాలు, చెక్కభజనలు, బ్రహ్మంగారి తత్వాలు వింటూ పెరిగిన నేల ఇది. తెల్లవార్లూ నాటకం చూసి, పొద్దున్నే మేకల వెంట పోతూ పద్యం ఎత్తుకున్న పిల్లవాడికి ఎందరు గురువులో లెక్కపెట్టు. వాళ్లందరినీ నువ్వు ఒక్క వాక్యంతో చెరిపేశావు.

మళ్లీ పోయి అడుగు. అయ్యవారు మొదట వాయించిన హార్మోనియం ఎవరిది? మెట్ల మీద సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడా? మెట్టు నొక్కితే ఒక్క స్వరమే పలుకుతుంది, స్వరాన్ని ఊపి పలికించే గమకం రాదు. మరి పిల్లలకు గమకం ఎట్లా చెప్తాడు? నేను చూసిన అయ్యవార్లు అక్కడ తిత్తి ఆపి, గొంతుతో పాడి చూపించేవాళ్లు.

"రేడియోలో అవకాశం రాలేదు" అని రాసి దాటేశావు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ సడలించలేదు. కడప కేంద్రం 1963లో వచ్చింది. ఆయన పెట్టె మోసుకొని ఆ గేటు దాకా పోయింటే, ఏ ఏడు పోయాడో అడగాలి కదా!

పాతికేళ్ల వయసులో నేనూ ఒక భజన గురువు గురించి రాశాను. ఊరికి మూడు నెలలుండి చెక్కభజన నేర్పేవాడు. రోజుకొక ఇంట్లో వంతు భోజనం, పోయేటప్పుడు జొన్నలు. ఎన్ని పడుల జొన్నలు ఇచ్చారో కూడా రాశాను. సంపాదకుడు అదంతా కోసేసి "దైవదత్తమైన గానం" అని చేర్చి అచ్చేశాడు. పత్రిక తీసుకుపోయి చదివి వినిపిస్తే, ఆ పెద్దాయన "నా జొన్నలు ఏమైనాయి సామీ?" అన్నాడు. నలభై ఏండ్లయింది, ఆ గొంతు ఇంకా వినిపిస్తుంది. పత్రికలకు ఆ రోగం ఇప్పటికీ పోలేదు. సీమ అంటే కరువో కత్తో కావాలి, పాటగాడంటే దేవుడి వరం కావాలి.

ఏ పత్రికకు పంపాలో తరువాత చూద్దాం. మీ అయ్యవారు నెలకు ఎంత తీసుకుంటాడో, ఇవ్వలేని పిల్లలను ఏం చేస్తాడో నువ్వు రాయనేలేదు. ఆదివారం పో. ఆయనకు మాట్లాడే ఓపిక ఉన్నప్పుడే పో. మూడో పేరా తిరగరాసి నాకు పంపు. అరుగు సంగతి మాత్రం ముట్టుకోవద్దు.

ఆశీస్సులతో,
కడప