ఇంటి నుంచి ఉద్యోగం, క్రెష్ ఖర్చు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఏడాదిన్నర పాపను క్రెష్‌లో చేర్పిస్తానంటే, 'ఇంట్లోనే ఉంటావు కదా, డబ్బు దండగ' అంటున్నారు మా అత్తగారు. ఆ ఫీజు కంపెనీ భరించాలని చట్టంలో ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: లేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావడానికి అనుమతించాలి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. అయితే బెంగళూరు ఆఫీసు దగ్గరి క్రెష్ తిరుపతిలో ఉన్న మీకు అక్కరకు రాదు, మీ ఇంటి దగ్గరి క్రెష్‌కు ఫీజు కట్టాలన్న మాట అందులో లేదు. కొన్ని కంపెనీలు తమంతట తామే భత్యం ఇస్తుంటాయి కనుక హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయండి, ఫోన్లో అడిగి ఊరుకోవద్దు. ప్రసూతి సెలవు తరువాత ఇంటి నుంచి పనిచేయడం కూడా, పని స్వభావాన్ని బట్టి, ఇరుపక్షాల అంగీకారంతో కుదిరేదే తప్ప హక్కు కాదు.

అత్తగారి మాటకొస్తే, మీటింగు మధ్యలో మైకు ఆపేసి పాప నోట్లోంచి పెన్ను మూత తీయవలసి వచ్చే మనిషి ఇంట్లో ఉన్నట్టా, ఆఫీసులో ఉన్నట్టా? మీటింగులు ఎక్కువుండే పూటకైనా క్రెష్ మాట్లాడుకోండి. ఫీజును తల్లి జీతంలోంచే తీసి లెక్కవేయడం మన ఇళ్లలో అలవాటు. సగం మీవారి ఖాతాలో వేయండి.