వెండి రోమన్ కాయిన్ అని కొంటే రాగిలా ఉంది, మోసపోయానా?

మోసం అని నాకైతే అనిపించట్లేదండి. రోమన్ చక్రవర్తి గాలియెనస్ కాయిన్, 2.8 గ్రాములు, తల మీద కిరణాల కిరీటం, వెనక జింక, అంచుల్లో కాస్త తెలుపు తప్ప మిగతాదంతా రాగి రంగు అని రాశారు కదా, ఆయన చివరి ఏళ్ళవి అలాగే ఉంటాయి. అమ్మినాయన సిల్వర్ అని రాయటం మాత్రం కొంచెం అతి, వీటిని బిలన్ అంటారు, రాగిలో కాస్త వెండి కలిపింది. క్రీ.శ. 260ల చివరికొచ్చేసరికి ఆ కాస్తా 5 శాతం కన్నా కిందకి పడిపోయింది, పైన పల్చగా వెండి పూత ఉండేది, మీకు అంచుల్లో కనపడే తెలుపు అదే.

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, ఇక్కడ పొలాల్లో ఇవి ఇప్పటికీ బయటపడుతూనే ఉంటాయి, కాయిన్ ఫెయిర్లలో మామూలు గాలియెనస్ 20-30 పౌండ్లకి వచ్చేస్తుంది. మొదట్లో మెరిసేవే చూసేవాణ్ణి గానీ ఇప్పుడు లోహం ఎలా పడిపోయిందో వరసగా కనపడేలా కొంటున్నా, నాకు అందులోనే మజా. ట్రేలో పక్కపక్కన పెడితే చరిత్ర పుస్తకం అక్కర్లేదు. మొదటి చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ టైమ్ డెనారియస్ (రోమన్ల వెండి నాణెం) దాదాపు అచ్చ వెండి, 64లో నీరో బరువు తగ్గించి రాగి కలిపాడు, డొమిషియన్ 82లో వెండి పెంచి మళ్ళీ మూడేళ్ళకే దించేశాడు (ఆ మూడేళ్ళ కాయిన్స్ కోసం జనం ఎగబడతారు), తర్వాత సెప్టిమియస్ సెవెరస్ సైన్యం జీతాలకి డబ్బు చాలక దాదాపు సగానికి తెచ్చాడు. ఆయన కొడుకు కారకల్లా ఇంకా ఘటికుడు, 215లో ఆంటొనినియానస్ అని కొత్తది తెచ్చాడు, విలువ రెండు డెనారియస్‌లు అని లెక్క, అందులో వెండి మాత్రం ఒకటిన్నరకి సరిపడా. మీ కాయిన్ మీద కిరణాల కిరీటం ఆ రకానికి గుర్తు.

సెవెరస్‌ది చేతిలో పెడితే సగం రాగి అంటే ఎవరూ నమ్మరు, తెల్లగా మెరుస్తుంది. కిటుకు ఏంటంటే ముద్ర కొట్టే ముందు బిళ్ళని కాల్చి పులుపు ద్రావణంలో వేస్తే పైపొరలో రాగి కరిగిపోయి వెండి మిగులుతుంది, దాని మీద అచ్చు కొడితే పైకి అంతా వెండే. అందుకే ఎవరైనా ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేలతో లోహం కొలిచేది) పెట్టి 80 శాతం వచ్చింది అని చూపిస్తే వెంటనే నమ్మకండి, అది చూసేది పైపొరనే.

గాలియెనస్ దగ్గర ఈ కిటుకులకి కూడా వెండి మిగల్లేదు. 260లో తండ్రి వలేరియన్‌ని పర్షియా రాజు షాపూర్ పట్టుకుపోయాడు, అదే ఏడు గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) పోస్టుమస్ అనే సేనాని వేరుకుంపటి పెట్టాడు, సరిహద్దులన్నీ యుద్ధాలే, సైనికులకి జీతం ఇవ్వకపోతే మెడ మీద తల ఉండదు, ఇంక టంకశాలలో కాయిన్స్ కొడుతూనే ఉన్నారు. విచిత్రం ఏంటంటే పోస్టుమస్ మొదటి కాయిన్స్‌లో వెండి రోమ్ వాటికన్నా మెరుగు, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, తిరుగుబాటుదారుడే పరువుగా కనపడతాడు. తర్వాత 274లో చక్రవర్తి ఆరేలియన్ కొంచెం సర్దాడు, ఆయన వాటి మీద ఎక్స్ ఎక్స్ ఐ (XX అంటే 20, I అంటే 1) అని ఉంటుంది, ఇరవైకి ఒకటి, అంటే 5 శాతం వెండి అని చాలామంది చెప్పే లెక్క.

నిజంగా భయపడాల్సింది వేరే. పాత డెనారియస్‌లలో ఫూరే అని ఉంటాయి, లోపల రాగి, పైన వెండి రేకు, ఇవి ఆ కాలంలోనే చేసిన దొంగవి. బరువు తక్కువ తూగుతాయి, రేకు చిట్లిన చోట ఆకుపచ్చగా కనపడుతుంది. ఈ కాలం నకిలీలైతే పోతపోసినవి ఎక్కువ, అంచు చుట్టూ అతుకు గీత, మీద చిన్న చిన్న బుడగ గుంటలు చూడండి, ఒక లూప్ (చిన్న భూతద్దం) కొనుక్కోండి.

ఇంకోటి, దయచేసి చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి ఏదీ వెయ్యకండి, రాగి చెంబు కాదు అది, మిగిలిన పూత కూడా పోతుంది. డిస్టిల్డ్ వాటర్ చాలు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే బ్రాంజ్ డిసీజ్ (రాగిని తినేసే తుప్పు), తేమకి పెరుగుతుంది, వైజాగ్ లాంటి చోట ఉంటే సిలికా జెల్ తప్పనిసరి. మెత్తటి పీవీసీ కవర్లలో దాచొద్దు, జిగురు కారి కాయిన్‌ని తినేస్తుంది.

మన దగ్గర దొరికే వాటి గురించి కూడా అడిగారు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి కాయిన్స్ ఒకేచోట దొరికాయి. ఇండియాలో దొరికిన డెనారియస్‌లలో ఎక్కువ అగస్టస్, టైబీరియస్‌వే, మనవాళ్ళు మంచి వెండి చూసి ఏరుకున్నారని కొందరు చరిత్రకారుల మాట. పొలంలో దొరికింది అని ఎవరైనా అమ్మజూపితే మాత్రం కొనకండి, 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం కింద కలెక్టర్‌కి చెప్పాల్సిన సొత్తు అది. 1972 పురావస్తువుల చట్టం వల్ల వందేళ్ళు దాటిన కాయిన్స్‌ని మనం దేశం బయటికి పంపడం కూడా కుదరదు.

మీ జింక కాయిన్ తిరిగి పంపకండి. అది గాలియెనస్ జూ సిరీస్, 267-68లో రోమ్‌లో కొట్టినవి, ఒక్కో జంతువు ఒక్కో దేవుడికి చెందింది, జింక వేట దేవత డయానాది. జింక కాళ్ళ కింద ఒక అక్షరం ఉంటుంది, అది ఏ వర్క్‌షాప్‌లో కొట్టారో చెప్పే గుర్తు, లైట్ పక్క నుంచి పడేలా ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తా.