రాత్రి చల్లదనాన్ని పగటికి దాచే బోర్డులు నిజంగా పనిచేస్తాయా?

సీలింగుకు పీసీఎం బోర్డులు వేయిస్తే ఏసీ వాడకం తగ్గుతుందా, లేక ఇదంతా ప్రచారమేనా అని అడిగారు. పెద్ద బిల్డింగుల ఏసీ ప్లాంట్లు నడపడం నా ఉద్యోగం. ఈ బోర్డులున్న చోటా, ఐస్ ట్యాంకులున్న చోటా పనిచేశాను. మీ దగ్గర రాత్రుళ్లు ఎంతవరకు చల్లబడతాయో చూసుకోకుండా మాత్రం బోర్డులు కొనకండి.

పీసీఎం (ఫేజ్ చేంజ్ మెటీరియల్) అంటే గది ఉష్ణోగ్రతకు దగ్గర్లోనే కరిగే పదార్థం. పారఫిన్ మైనం కావచ్చు, నీటిని పట్టి ఉంచుకునే లవణం కావచ్చు. కరిగేటప్పుడు గదిలోని వేడిని పీల్చుకుంటుంది. మంచి రకం కిలోకు సుమారు 200 కిలోజౌళ్లు దాచుకుంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీ గంటసేపు పూర్తిగా నడిస్తే తీసేసే వేడి దాదాపు 19,000 కిలోజౌళ్లు. అంటే గంట ఏసీ పనికి 95 కిలోల పీసీఎం కావాలి! పలచటి బోర్డుల్లో అంత సరుకెక్కడిది?

సరే, సరుకు ఎక్కువే పెట్టారనుకుందాం. పగలు కరిగింది రాత్రికి మళ్లీ గడ్డకట్టాలి కదా. 26 డిగ్రీల దగ్గర కరిగేదైతే, గదిలో గాలి అంతకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువగా గంటల తరబడి ఉండాలి. నేను చూసిన ఒక ఆఫీసులో వేసవి మొదట్లో బోర్డులు చక్కగా పనిచేశాయి, మధ్యాహ్నం గది ఆలస్యంగా వేడెక్కేది. రాత్రుళ్లు ఉక్కపోత మొదలయ్యాక అవి కరిగినవి కరిగినట్టే ఉండిపోయాయి. ఇక మామూలు సీలింగుకూ వాటికీ ఖరీదులో తప్ప తేడా లేదు. దానికి తోడు సెక్యూరిటీ వాళ్లు రాత్రి కిటికీలన్నీ మూసేసేవారు (వాళ్ల పని వాళ్లది). పగటికీ రాత్రికీ బాగా తేడా ఉండే పొడి ప్రాంతమైతే మాత్రం ఆలోచించవచ్చు.

లవణం రకాలకు ఇంకో జబ్బుంది. 1948లో అమెరికాలోని డోవర్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త గ్లాబర్ లవణంతో (ఒక రకం సోడియం సల్ఫేట్) ఒక ఇంటిని సూర్యరశ్మితో వెచ్చగా ఉంచే ఏర్పాటు చేశారు. ఆ లవణం 32 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొన్ని చలికాలాలకే అది పొరలుగా విడిపోయి పనిచేయడం మానేసింది. ఇప్పుడు చిక్కబరిచే పదార్థాలు కలుపుతున్నారు కానీ, ఎన్నిసార్లు కరిగించి గడ్డకట్టించి పరీక్షించారో అడగాల్సిందే.

పెద్ద బిల్డింగు అయితే నా ఓటు ఐస్‌కే. కిలోకు 334 కిలోజౌళ్లు, పైగా నీళ్లకంటే చవకైన సరుకు లేదు. రాత్రి చిల్లర్ (ఏసీ ప్లాంటులో చల్లబరిచే యంత్రం) సున్నా డిగ్రీల కంటే చల్లటి గ్లైకాల్‌ను (ఆ చలికీ గడ్డకట్టని ద్రవం) ట్యాంకులోని పైపుల్లో తిప్పుతుంది, చుట్టూ ఉన్న నీరు ఐస్ అవుతుంది. ఐస్ ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, నీటిమట్టం ఎంత పెరిగిందో చూసి ఎంత ఐస్ కట్టిందో చెప్పేస్తాం. కరెంటు ఆదా అవుతుందని మాత్రం అనుకోకండి. ఐస్ చేయడానికి చిల్లర్ ఇంకా కష్టపడాలి. రాత్రి రేటు తక్కువగా ఉంటే, లేదా పీక్ లోడుకు (బిల్డింగు ఒకేసారి అత్యధికంగా లాగే కరెంటుకు) ఛార్జీ పడుతుంటేనే బిల్లు తగ్గేది. అదీ ఆపరేటర్ పొద్దున్నే ఐసంతా కరిగించేయకుండా మధ్యాహ్నానికి దాచితేనే.

చల్లదనాన్నే కాదు, వేడినీ ఇలా దాస్తారు. కానీ చలికాలం కోసం వేడిని దాచడం ఇంటి స్థాయి పని కాదు. కెనడాలోని డ్రేక్ ల్యాండింగ్‌లో వేసవి వేడిని 144 బోర్ల ద్వారా నేలలో దాచి 52 ఇళ్లకు వాడారు. ఫిన్లాండ్‌లోని కంకాన్‌పాలో 2022 నుంచి వేడి ఇసుకలో దాస్తున్నారు. రెండూ ఒక ఇంటికి కాదు, చాలా ఇళ్లకు కలిపి కట్టినవే.

మీ విషయానికొస్తే, అమ్మేవాళ్లను చదరపు మీటరుకు ఎన్ని కిలోల పీసీఎం ఉందో, ఏ డిగ్రీల దగ్గర కరిగి ఏ డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో రాతపూర్వకంగా అడగండి. పారఫిన్ మండుతుంది కాబట్టి ఫైర్ టెస్ట్ రిపోర్టు కూడా అడగండి. నసిగితే ఆ డబ్బు పైకప్పు ఇన్సులేషన్‌కు పెట్టుకోండి.