కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లకేనా? సింగ్ నగర్‌లో మేం చూసింది

మీ కాలనీలో కమ్యూనిటీ హాలు ఎప్పుడు చూసినా తాళం వేసే ఉంటోందని, పెళ్లిళ్లకి అద్దెకివ్వడం తప్ప దానివల్ల చుట్టుపక్కల వాళ్లకి ఏం ఉపయోగమని అడిగారు. విజయవాడ సింగ్ నగర్‌లో మా వీధి పక్కనే ఉన్న హాలు గురించి నాకు తెలిసింది చెప్తాను. నా దృష్టిలో అది అందరికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి.

ముందు చావు గురించి చెప్పాలి. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ, హాలు విలువ మాకు తెలిసింది అక్కడే. ఆసుపత్రిలో ఎవరైనా పోతే శవాన్ని ఇంటికి తేవద్దనే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. మా వెనక వీధిలో అద్దెకుండే ఒక ఆటో డ్రైవరుకి అదే జరిగింది. అర్ధరాత్రి తండ్రి పోయారు, ఓనరు ఒప్పుకోలేదు. అంబులెన్సు బయట ఆగి ఉంది, ఎక్కడికి తీసుకెళ్లాలో ఆ అబ్బాయికి తోచలేదు. ఎవరో హాలు కమిటీ పెద్దాయనకి ఫోన్ చేస్తే, ఆయన లుంగీ మీదే వచ్చి తాళం తీశారు. ఫ్రీజర్ బాక్సు తెప్పించారు, కుర్చీలు వేశారు. ఊరి నుంచి బంధువులు దిగేదాకా పక్క ఇళ్ల ఆడవాళ్లు టీలు పెట్టి తెచ్చారు. పెద్దకర్మ భోజనాలు కూడా అక్కడే జరిగాయి. కరెంటు ఖర్చు తప్ప రూపాయి తీసుకోలేదు. తండ్రిని గౌరవంగా సాగనంపుకోవడానికి కాస్త చోటు దొరకడం ఎంత పెద్ద విషయమో, లేనివాళ్లకే తెలుస్తుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద వచ్చినప్పుడు హాలు కింది అంతస్తు మునిగిపోయింది. మేడ మీది గది మాత్రం పొడిగా ఉంది. రేకుల ఇళ్లలో వాళ్లు పిల్లల్ని తీసుకుని అక్కడికే ఎక్కారు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. మా డ్వాక్రా గ్రూపుల మీటింగులు ప్రతి నెలా ఆ గదిలోనే జరుగుతాయి. అందుకే ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరికి డయాలసిస్ జరుగుతోందో, ఏ ముసలావిడ ఒంటరిగా ఉంటోందో ఆ ఆడవాళ్లకి నోటికి వచ్చు. పడవ వచ్చినప్పుడు ముందు ఎటు వెళ్లాలో చెప్పింది వాళ్లే.

నీళ్లు తీశాక ఫైరింజన్లతో బురద కడిగారు. మునిగిన ఇళ్లకి గ్రౌండ్ ఫ్లోర్ అయితే 25,000, పై అంతస్తులకి 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ మళ్లీ అద్దెకున్నవాళ్లకే టెన్షన్. ఆధార్‌లో అడ్రసు సొంతూరిది, ఉన్న కాగితాలేమో తడిసి ముద్దయ్యాయి. చదువుకున్న ఆడపిల్లలు హాల్లో బల్ల వేసుకుని కూర్చుని, జాబితాలో పేరు లేనివాళ్లకి అర్జీలు రాసిపెట్టారు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లోనే ఉంటున్నారని ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు.

మామూలు రోజుల్లో జరిగేవి చిన్నవే. సాయంత్రం పిల్లలు చదువుకుంటారు, అప్పుడప్పుడు బీపీ, షుగరు పరీక్షలు చేస్తారు, మే నెల ఎండలకి గేటు దగ్గర చలివేంద్రం పెడతారు. వీటి కోసం హాలు తెరుస్తూ ఉండబట్టే, కష్టం వచ్చినప్పుడు ఎవరిని లేపాలో అందరికీ తెలుస్తోంది.

ఇక మీ హాలు సంగతి. అది కార్పొరేషన్‌దా, కాలనీ సంఘానిదా ముందు తెలుసుకోండి. కార్పొరేషన్‌దైతే వార్డు సచివాలయంలో అడగండి, కార్పొరేటర్ దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. పెళ్లిళ్ల అద్దె ఆపమని మాత్రం గొడవపడకండి, మోటారు రిపేరుకీ సున్నాలకీ ఆ డబ్బే ఆధారం. అడగాల్సింది తాళంచెవి. రెండోది ఒకటి చేయించి, రాత్రిపూట కూడా తలుపు తీసే మనిషి దగ్గర, హాలుకి దగ్గర్లోనే ఉంచమనండి. ఆ ఇంటి ఫోన్ నంబరు గేటు మీద పెయింటుతో రాయించండి.

శుభకార్యాలు జరిగే చోట శవాన్ని పెట్టడమేంటని కొందరు కచ్చితంగా అభ్యంతరం చెప్తారు. మా దగ్గరా చెప్పారు. వాళ్ల పట్టింపుని తీసిపారేయకండి. మేం హాలు పక్కన ఖాళీగా ఉన్న స్థలంలో రేకుల షెడ్డు వేయించి, దానికి వేరే గేటు పెట్టించాం. కుళాయి, లైటు, ఫ్రీజర్ బాక్సుకి ప్లగ్గు ఉన్నాయి. శవాన్ని అక్కడే ఉంచుతారు, తీసుకెళ్లాక పసుపు నీళ్లతో కడుగుతారు. లోపల పెళ్లి బుకింగ్ ఉన్న రోజున ఏం చేయాలన్నది కూడా ముందే మాట్లాడుకోండి. అలాంటప్పుడు మేం వీధి చివర శామియానా వేయిస్తాం, ఆ ఖర్చు కమిటీ పెట్టుకుంటుంది.