బరోలో వగరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఇటలీలోని టొరినోలో ఉంటున్నాను. సహోద్యోగి ఒకరు 2019 పంటతో చేసిన రెండు బరోలో రెడ్ వైన్ సీసాలు కానుకగా ఇచ్చారు. ఒకటి తెరిచి చూస్తే రంగు పలచగా ఉంది గానీ, గుక్క వేయగానే నోరంతా వగరు. పాడైపోయిందంటారా? రెండో సీసాను మన మాంసం కూరలతో వడ్డించవచ్చా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి వైన్ పాడైనట్టు లేదు. పాడైతే తడిసిన అట్టపెట్టె వాసనో, వెనిగర్ ఘాటో వస్తుంది. బరోలోను పూర్తిగా నెబ్బియోలో అనే ఒకే రకం ద్రాక్షతో చేస్తారు. దాని తొక్కలో రంగు తక్కువ, వగరునిచ్చే టానిన్లనే పదార్థాలు మాత్రం దండిగా ఉంటాయి. ఈ టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నోటిలోని జారుడుతనం పోయి, పచ్చి వక్క నమిలినట్టు నాలుకా చిగుళ్లూ బిగుసుకుంటాయి. కాబట్టి రంగు చూసి బలాన్ని అంచనా వేసే పద్ధతి ఈ వైన్ విషయంలో పనికిరాదు.

మీ ఊరికి ఆగ్నేయంగా, ఆల్బా పట్టణం దగ్గరున్న లాంగే కొండల్లోని 11 గ్రామాల పరిధిలో పండిన ద్రాక్షతో చేసినదానికే బరోలో అనే పేరు చెల్లుతుంది. నెబ్బియోలో త్వరగా చిగురించి, చాలా ఆలస్యంగా, తరచుగా అక్టోబరులో పండుతుంది. అందుకే ఎండ బాగా తగిలే దక్షిణపు వాలులను దానికే కేటాయిస్తారు. మీ సీసా మీద గ్రామం పేరు ఉందేమో చూడండి. లా మోర్రా వైపు నేలల వైన్ కొంత మృదువుగా, పరిమళభరితంగా ఉంటుందని, సెర్రలుంగా, మోన్‌ఫోర్తే వైపుది వగరు ఎక్కువై మరిన్నేళ్లు నిల్వ కోరుతుందని అక్కడివారు చెబుతారు. నిబంధన ప్రకారం బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాకే అమ్మాలి. అంటే మీ సీసా బయటికి వచ్చిందే 2023లో. మంచి బరోలోకు పదేళ్లు పెద్ద వయసేమీ కాదు గనుక, రెండో సీసాను చల్లని, చీకటి చోట పడుకోబెట్టి ఇంకొన్నేళ్లు ఆగగలిగితే తప్పక ఆగండి.

ఆగలేకపోతే భోజనానికి రెండు గంటల ముందు తెరిచి, వెడల్పాటి గాజు కూజాలోకి వంచి, 16–18 డిగ్రీల వద్ద పెద్ద గ్లాసుల్లో పోయండి. ఎండు గులాబీ రేకుల వాసన, దాని వెనుకే తారు వాసన మెల్లగా తేలివస్తాయి. నా దృష్టిలో ఈ వైన్ గొప్పతనమంతా ఆ జోడింపులోనే ఉంది.

ఇక వంటల సంగతి. మీ ఊరున్న పీడ్‌మాంట్ ప్రాంతంలో బరోలోలోనే గంటల తరబడి ఉడికించిన గొడ్డు మాంసం, గుడ్డు సొనలతో చేసిన సన్నని తాయరిన్ పాస్తా మీద వెన్న, శరదృతువులో ఆల్బా తెల్ల ట్రఫుల్ (నేలలోపల పెరిగే సువాసన పుట్టగొడుగు) తురుము, కాస్తెల్మాన్యో జున్ను దీనికి తోడు. మాంసంలోని ప్రోటీన్లు, కొవ్వు టానిన్ల పదునును తగ్గిస్తాయి. కారం చేసే పని దీనికి పూర్తిగా విరుద్ధం: మిరప మంటను ఆల్కహాల్ ఎగదోస్తుంది, వగరు మరింత మొరటుగా తోస్తుంది. అందుచేత గోంగూర మాంసాన్నీ, గుంటూరు కారం వేసిన వేపుళ్లనూ ఈ సీసాతో వడ్డించవద్దు. మన వంటే కావాలనుకుంటే గోధుమలు, మాంసం, నెయ్యి కలిసి మెత్తగా ఉడికిన హైదరాబాదీ హలీమ్‌ను, పచ్చిమిర్చి బాగా తగ్గించి చేసుకోండి.

ప్రశ్న: బార్బరెస్కో అనే వైన్‌ను కూడా నెబ్బియోలోతోనే చేస్తారు కదా. కొత్తవారు ఏది ముందు రుచి చూడాలి?

జవాబు: బార్బరెస్కోనే. దానికి 26 నెలల నిల్వ, అందులో 9 నెలలు చెక్కలో ఉంచితే చాలు. సాధారణంగా బరోలో కంటే ముందే తాగడానికి అనువుగా ఉంటుంది. అంత ఖర్చు వద్దనుకుంటే ‘లాంగే నెబ్బియోలో’ అని రాసి ఉన్న సీసాతో మొదలుపెట్టండి.